పైసా తేడా ఎక్కడ పుడుతుంది: డేటాబేస్‌లో డబ్బు లెక్క

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు చిల్లరగా అమ్మే కొట్టు ఒకటి అనుకుందాం. బిల్లులో మూడు పావుకిలో పొట్లాలు: కిలో 855 రూపాయల రకం ఒకటి, 599 రూపాయల ముక్క ఒకటి, 1,047 రూపాయల పెద్ద పప్పు ఒకటి. ఇవి పన్ను కలపని ధరలు. పొట్లాల వెల 213.75, 149.75, 261.75. మూడూ కలిపితే 625.25. జీడిపప్పు మీద జీఎస్టీ 5 శాతం, అంటే కేంద్రం వాటా రెండున్నర, రాష్ట్రం వాటా రెండున్నర.

బిల్లు కొట్టే ప్రోగ్రాం మొత్తం మీద రెండున్నర శాతం కట్టింది. 15.63125 వచ్చింది, పైసలకు సరిచేస్తే 15.63. నెలాఖరు రిపోర్టు రాసినవాళ్లు వరసవారీగా కట్టారు: 5.34375, 3.74375, 6.54375. వాటిని పైసలకు సరిచేస్తే 5.34, 3.74, 6.54. కూడితే 15.62. తేడా ఒక్క పైసా. రెండు పన్నులకూ కలిపి రెండు పైసలు. కానీ మొదటి లెక్కలో బిల్లు 656.51, రెండో లెక్కలో 656.49. రూపాయికి రౌండ్ చేస్తే ఒకటి 657, ఇంకోటి 656. చిట్టాలో ఒక అంకె, ఆవర్జాలో ఇంకో అంకె.

ఈ రెండు ప్రోగ్రాముల్లోనూ కూడికల తప్పు లేదు. డేటా టైపు, అంటే విలువను ఏ రూపంలో దాచాలో చెప్పే రకం, అందులోనూ తప్పు లేదు, రెండూ కచ్చితమైన దశాంశాల్లోనే లెక్క కట్టాయి. ఎక్కడ రౌండ్ చెయ్యాలో ఎవరూ తేల్చలేదు, అంతే. డబ్బు దాచడం గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది టైపు దగ్గరే ఆగిపోతారు. నిజానికి టైపు ఎంపిక ఒక పూట పని. రౌండింగ్ నియమాలు తేల్చడానికి మాత్రం అకౌంటెంటును పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ముందు ఆ సులువైనది చూద్దాం. ఫ్లోట్, డబుల్, రియల్ అన్న పేర్లున్న టైపుల్లో డబ్బు పెట్టకూడదు. ఇది అందరూ విన్నమాటే, కారణం మాత్రం 'కంప్యూటర్‌కి దశాంశాలు రావు' అన్న పుకారు దగ్గరే ఆగిపోయింది. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఈ టైపులు భిన్నాన్ని అర, పావు, పరక, వీసం, అందులో సగం, మళ్లీ సగం, ఇలా ముక్కలు పేర్చి తయారుచేస్తాయి. మన పాత కొలతల పద్ధతే. ఆ ముక్కలతో పది పైసలు పేర్చి చూడండి: పరక ఎక్కువైపోతుంది, వీసం చాలదు, వీసానికి మరో సగం కలిపినా ఇంకా కాస్త లోటు. ఎంతదూరం పోయినా ఆ లోటు తీరదు. సున్నా నుంచి 99 పైసల దాకా ఉన్న నూరు విలువల్లో ఇలా సరిగ్గా అమిరేవి నాలుగే: సున్నా, పావలా, అర్ధరూపాయి, ముప్పావలా. మిగతా 96 ఉజ్జాయింపులే.

ఇందులో ఒక వింత ఉంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రాకముందు రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అంటే పాత పైసా రూపాయిలో 64వ వంతు. ఆ నాణేలైతే ఫ్లోట్‌లో వెంట్రుకవాసి తేడా లేకుండా ఇమిడేవి. అణాను 12 పైలుగా విడగొట్టినప్పుడే చిక్కు, మూడో వంతు వచ్చి పడుతుంది. కొత్త నాణేలకు మారినప్పుడు బేడకు పన్నెండున్నర నయాపైసలు రావాలి, 12కు ఖాయం చేశారు. మూడణాలకు 18.75 రావాలి, 19 చేశారు. అర పైసా ఎవరికి పోవాలన్న తగువు కంప్యూటర్లతో పుట్టింది కాదు.

నాలుగు బైట్ల సింగిల్ ఫ్లోట్‌లో అంకెలు చూపడానికి 24 బిట్లే ఉంటాయి. 1,31,072 రూపాయలు దాటాక అది చూపగల అతి చిన్న తేడా రూపాయిలో 64వ వంతు, అంటే ఒకటిన్నర పైసా పైమాటే. 83,88,608 దాటితే పైసలే ఉండవు. 1,67,77,216 దాటితే బేసి రూపాయలు కూడా ఉండవు, రెండేసి రూపాయల మెట్లే. ఒక మోస్తరు రైస్ మిల్లు టర్నోవరు ఈ హద్దు దాటడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఎనిమిది బైట్ల డబుల్‌లో 15 అంకెల దాకా భరోసా ఉంటుంది, అందుకే దాని తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. 0.1కి 0.2 కలిపి 0.3 తీసేస్తే సున్నా రాదు, 0.0000000000000000555 వస్తుంది. తెరమీద అది 0.00గానే కనబడుతుంది. కానీ 'బాకీ సున్నా కంటే ఎక్కువ ఉన్న ఖాతాలు' అని అడిగితే పైసాతో సహా కట్టేసిన ఖాతాదారు కూడా జాబితాలోకి వచ్చేస్తాడు, ఫోనుకు '0.00 రూపాయలు చెల్లించండి' అని మెసేజి పోతుంది. 2.675ను రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 2.68 రావాలి. డబుల్‌లో దాని అసలు విలువ 2.67499999... కాబట్టి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2.67 ఇస్తుంది. పైథాన్ చేసింది తప్పేమీ కాదు, దాని చేతికిచ్చిన సంఖ్యే అది. ఇంకోటి: ఫ్లోట్ కాలమ్‌ను కూడితే వచ్చే మొత్తం, వరసలు ఏ క్రమంలో చదివారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. నిన్నటి రిపోర్టునే ఇవాళ తీస్తే చివరి అంకె మారడానికి ఇదొక కారణం.

కాబట్టి డెసిమల్, లేదా న్యూమరిక్. ఇవి సంఖ్యను పది ఆధారంగానే దాస్తాయి, 0.10 అంటే 0.10. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ తొమ్మిదేసి అంకెలను నాలుగు బైట్లలో కుక్కుతుంది. డెసిమల్(15,2)కు, అంటే మొత్తం 15 అంకెలు, వాటిలో రెండు దశాంశాలవి, ఏడు బైట్లు సరిపోతాయి, అందులో పది లక్షల కోట్లకు ఒక్క పైసా తక్కువ దాకా పడుతుంది. డబుల్ కంటే ఒక బైటు తక్కువే, కాబట్టి చోటు ఎక్కువ తింటుందన్న వాదన నిలవదు.

అన్నింటికీ (15,2) పెట్టెయ్యడం మాత్రం బద్ధకం. బిల్లు మొత్తం, పన్ను, చెల్లింపు లాంటి చేతులు మారే సొమ్ముకు రెండు దశాంశాలు చాలు. కిలో ధర, యూనిట్ ధరకు నాలుగు కావాలి. బరువుకు మూడు, గ్రాము దాకా. పన్ను శాతానికీ మూడు ఉండాలి: సానపట్టని వజ్రాల మీద జీఎస్టీ పావు శాతం, దాన్ని సగం చేస్తే 0.125. శ్రీకాకుళంలో వజ్రాలు ఎవరు అమ్ముతారని అడగొచ్చు. కాలమ్ వెడల్పు చాలక సంవత్సరం మధ్యలో టేబుల్ మార్చినవాళ్లు మాత్రం అడగరు.

ఒక్కో డేటాబేస్‌కు ఒక్కో మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో బ్రాకెట్లు లేకుండా ఉత్త డెసిమల్ అని రాస్తే అది డెసిమల్(10,0) అవుతుంది. 450.75 పెడితే 451 అయి కూర్చుంటుంది. ఎస్‌క్యూలైట్‌లో డెసిమల్(10,2) అని రాస్తే అభ్యంతరం చెప్పదు, కానీ దానికి డెసిమల్ టైపే లేదు, పైసలున్న విలువను లోపల ఎనిమిది బైట్ల ఫ్లోట్‌గానే దాస్తుంది. ఊళ్లు తిరిగి వసూళ్లు రాసుకునే మొబైల్ యాప్‌ల లోపల ఎక్కువగా ఉండేది ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో మనీ అన్న టైపు పేరు చూసి ముచ్చటపడి వాడతారు. అది సర్వర్‌లో దేశం, భాష ఏవో చెప్పే లొకేల్ సెట్టింగును బట్టి దశాంశాలనూ కరెన్సీ గుర్తునూ మార్చుకుంటుంది, దాన్ని వదిలేసి న్యూమరిక్ వాడడమే మేలు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మనీలో నాలుగు దశాంశాలే ఉంటాయి. దాంతో భాగహారం చేస్తే మధ్యలో వచ్చే విలువ కూడా నాలుగు దశాంశాలకే తెగిపోతుంది, తర్వాత పెద్ద సంఖ్యతో గుణిస్తే ఆ తెగిన ముక్క రూపాయలై తిరిగొస్తుంది.

ఇంకో దారి, మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా దాచడం. 656.51 బదులు 65651. ఎస్‌క్యూలైట్‌కు ఇదే మందు. పేమెంట్ గేట్‌వేలు కూడా సాధారణంగా పైసల్లోనే అడుగుతాయి. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఇంటిజర్ కాకుండా అంతకంటే పెద్ద పూర్ణాంకాలు పట్టే బిగ్‌ఇంట్ వాడాలి, ఎందుకంటే 32 బిట్ల ఇంటిజర్ 2,14,74,836 రూపాయల 47 పైసల దగ్గర నిండిపోతుంది. రెండోది, రూపాయల్ని పైసలు చేసేటప్పుడు ఫ్లోట్ చొరబడకూడదు: జావాస్క్రిప్ట్‌లో 19.99ను 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, దశాంశాలు కత్తిరిస్తే 1998. పైసా అక్కడే పోయింది, డేటాబేస్‌కు చేరకముందే. కాలమ్ పేరులోనే 'పైసలు' అని ఉండాలి, లేకపోతే కొత్తగా చేరినవాళ్లు రిపోర్టులో నూరు రెట్లు చూపిస్తారు. అయితే నాలుగు దశాంశాల ధరలు, వడ్డీలు ఎక్కువున్న చోట ఈ పద్ధతి తలనొప్పే, అక్కడ డెసిమల్ హాయి.

డేటాబేస్‌లో డెసిమల్ పెట్టి ప్రోగ్రాంలో ఫ్లోట్ వాడితే కుండకు మూత ఉండి అడుగున చిల్లు ఉన్నట్టే. పైథాన్‌లో డెసిమల్ క్లాసుకు, జావాలో బిగ్‌డెసిమల్‌కు విలువను కోట్స్‌లో పెట్టి, అక్షరాలుగానే ఇవ్వాలి. కోట్స్ లేకుండా 0.1 ఇస్తే అది ముందే ఫ్లోట్ అయిపోయి, ఆ మచ్చతోనే లోపలికి వస్తుంది. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి సమాచారం పంపే జేసన్ రూపంలో మొత్తాలు పంపేటప్పుడూ ఇంతే.

ఇక అసలు సంగతి. 405 రూపాయల సరుకు మీద రెండున్నర శాతం 10.125. సరిగ్గా అర పైసా. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండూ డెసిమల్ విలువను రౌండ్ చేసేటప్పుడు సగాన్ని సున్నాకు దూరంగా నెడతాయి, 10.13 వస్తుంది. పైథాన్ డెసిమల్ క్లాసు మాత్రం ఏమీ చెప్పకపోతే సగాన్ని సరిసంఖ్య వైపు తీసుకెళ్తుంది, 10.12 వస్తుంది. బ్యాంకర్స్ రౌండింగ్ అనేది దీన్నే. ఈ పద్ధతిలో సగాలు కొన్నిసార్లు పైకి, కొన్నిసార్లు కిందికి పోతాయి కాబట్టి లక్షల లావాదేవీల్లో మొత్తం ఒకవైపు ఒరగదు. కానీ మన బిల్లుల్లో ఎవరూ అలా లెక్కించరు, 50 పైసలంటే పైకే. ఫలితం ఏమిటంటే ప్రోగ్రాం అచ్చువేసిన కాగితం మీద 10.12, టేబుల్లో 10.13.

టేబుల్లో ఎలా మారిందన్నదే పట్టుకోవడం కష్టం. రెండు దశాంశాల కాలమ్‌లోకి 10.125 పంపితే డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు, తనకు తోచిన పద్ధతిలో సరిచేసి దాచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ తప్పు విలువల్ని తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్‌లో కూడా ఒక నోట్ పెట్టి ఊరుకుంటుంది. అందుకని రౌండింగ్ ఒకే చోట, ఒకే ఫంక్షన్‌లో, పద్ధతి పేరు రాసి మరీ చెయ్యాలి. డేటాబేస్‌కు చేరేసరికి రెండు దశాంశాలకు మించి ఏదీ మిగలకూడదు.

సరుకు తిరిగొచ్చినప్పుడు ఇంకో తమాషా. జావాస్క్రిప్ట్‌లో రౌండ్ చేసే మ్యాథ్.రౌండ్ 1012.5 పైసలను 1013 చేస్తుంది, అదే −1012.5ను −1012 చేస్తుంది. దాని దృష్టిలో సగం ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే. అమ్మకంలో 10.13 రాసి, తిరిగొచ్చిన సరుకుకు ఇచ్చే క్రెడిట్ నోటులో 10.12 వెనక్కిస్తే ఆ ఖాతా ఎప్పటికీ సున్నాకు రాదు. క్రెడిట్ నోటుకు పన్ను మళ్లీ లెక్కించకుండా అసలు బిల్లులో దాచిన అంకెనే గుర్తు మార్చి వాడితే ఈ తిప్పలుండవు. కొంత సరుకే తిరిగొస్తే మాత్రం లెక్కించక తప్పదు. అప్పుడు రెండింటికీ ఒకే ఫంక్షన్.

పలాస బిల్లుకు తిరిగొస్తే, వరసవారీగానా మొత్తం మీదా అన్నదానికి రెండు జవాబులూ నడుస్తాయి. రెండూ ఒకే వ్యవస్థలో ఉండడం నడవదు. వరసవారీగా కట్టి, ఒక్కో వరస పన్నును కాలమ్‌లో దాచి, బిల్లు పన్నును ఆ దాచిన అంకెల కూడికగా తీయడమే ఈ వ్యాసం మొగ్గు, ఎందుకంటే ఒక వస్తువు తిరిగొచ్చినా, బిల్లులో వేర్వేరు పన్ను రేట్ల సరుకులున్నా లెక్క విప్పి చూపించొచ్చు. రిపోర్టులు పన్నును మళ్లీ లెక్కించకూడదు, దాచినదాన్ని కూడాలి. ఇంకో మాట: ముందు 5 శాతం కట్టి రౌండ్ చేసి సగం చెయ్యకూడదు. 213.75 మీద 5 శాతం 10.6875, అంటే 10.69. దాని సగం 5.345, ఇద్దరికీ సమానంగా పంచలేం. రెండున్నర శాతం ఒకసారి కట్టి రౌండ్ చేసి, అదే అంకె రెండు గడుల్లో వెయ్యాలి. చివర బిల్లును రూపాయికి సరిచేసినప్పుడు వచ్చే తేడాకు, 656.51ని 657 చేస్తే ఆ 0.49కి, రౌండ్ ఆఫ్ అని సొంత కాలమ్ ఉండాలి. దాన్ని ధరలోనో పన్నులోనో కలిపేస్తే తర్వాత ఏరడం ఎవరి తరమూ కాదు.

రౌండింగ్ నియమం ప్రోగ్రామర్ ఇష్టం కూడా కాదు, చాలాచోట్ల చట్టం చెప్పేసింది. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 170 పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సరిచెయ్యమంటుంది: 50 పైసలూ ఆపైన పైకి, తక్కువైతే వదిలెయ్యాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 288ఎ, 288బి సెక్షన్లు పది రూపాయల గుణకానికి సరిచెయ్యమన్నాయి. పీఎఫ్ వాటా దగ్గరి రూపాయికి. ఈఎస్ఐ మాత్రం ఎప్పుడూ పై రూపాయికే: 13,350 రూపాయల జీతం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం 100.125, కట్టాల్సింది 101. పైకి రౌండ్ చేసేచోట ఫ్లోట్ మరీ ప్రమాదం. 0.07ను 100తో గుణిస్తే డబుల్‌లో 7.000000000000001 వస్తుంది, పై రూపాయికి చేస్తే 8. పద్నాలుగు సున్నాల అవతల ఉన్న ధూళికి ఒక రూపాయి జరిమానా.

విజయనగరం జిల్లా జనపనార మిల్లుల జీతాల పట్టీ ఇందుకు మంచి ఉదాహరణ. పీఎఫ్ రేటు మామూలుగా 12 శాతం, జనపనార పరిశ్రమకు 10 శాతం. కాబట్టి కోడ్‌లో 12 అని రాసేసిన ప్యాకేజీ ఇక్కడ మొదటి నెలే తప్పుతుంది. రేట్లు అమలు తేదీలతో సహా ఒక టేబుల్లో ఉండాలి. 15,000 జీతం మీద యజమాని వాటా 1,500. అందులో జీతం మీద 8.33 శాతం పెన్షన్ ఖాతాకు: 1,249.50, అంటే 1,250. మిగిలిన 1.67 శాతాన్ని విడిగా కడితే 250.50, అంటే 251. రెండూ కలిపితే 1,501. సరైన దారి ఏమిటంటే 1,500 ముందు తేల్చి, పెన్షన్ 1,250 తీసేసి, మిగిలిన 250ని పీఎఫ్‌కు వెయ్యడం. ఒక మొత్తాన్ని రెండుగా చీల్చేటప్పుడు ఒకదాన్నే లెక్కించాలి, రెండోది తీసివేతలో రావాలి.

ఎక్కువమందికి పంచేటప్పుడూ ఇదే సూత్రం, కాస్త పెద్ద రూపంలో. డ్వాక్రా సంఘంలో 12 మందికి 5,000 రూపాయలు పంచాలంటే ఒక్కొక్కరికి 416.666... వస్తుంది. 416.67 ఇస్తే సంఘం నాలుగు పైసలు ఎక్కువ పంచినట్టవుతుంది. ముందు అందరికీ కిందికి తెంపి 416.66 వెయ్యాలి, 4,999.92 అయింది. మిగిలిన ఎనిమిది పైసల్ని ఎనిమిది మందికి ఒక్కో పైసా చొప్పున వెయ్యాలి. ఏ ఎనిమిది మందికి అన్నది సభ్యుల నంబరు లాంటి మారని వరసలో ఉండాలి. డేటాబేస్ ఏ క్రమంలో ఇస్తే ఆ క్రమం అనుకుంటే మళ్లీ నడిపినప్పుడు పైసలు వేరేవాళ్లకు పోతాయి.

ధరను ఏ కొలతకు ప్రకటించారో ఆ కొలతకే దాచాలి. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 80 కిలోల బస్తాకు 1,895.20 పడుతుంది. చెప్పుకోవడానికి బాగుందని 1,895 అని టేబుల్లో పెడితే 500 బస్తాల దగ్గర రైతుకు నూరు రూపాయలు తక్కువ పడుతుంది. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లు ఉద్దానం నిండా ఉన్నాయి కాబట్టి ఇదీ గుర్తుండాలి: కువైట్, బహ్రెయిన్ దినార్లకు, ఒమన్ రియాల్‌కు మూడు దశాంశాలు, జపాన్ యెన్‌కు దశాంశాలే లేవు. మొత్తం పక్కన కరెన్సీ కోడ్ కాలమ్ లేకపోతే రెండు దశాంశాల అలవాటు అక్కడ దెబ్బ తీస్తుంది.

ఇప్పటికే ఫ్లోట్‌లో ఉన్న పాత టేబుల్‌ను మార్చాలంటే, ఉన్న కాలమ్ టైపును నేరుగా మార్చెయ్యకుండా పక్కన కొత్త డెసిమల్ కాలమ్ చేర్చి నింపాలి. పోస్ట్‌గ్రెస్‌లో రియల్ నుంచి న్యూమరిక్‌కు నేరుగా మారిస్తే ఆరు అంకెలే మిగులుతాయి, 125678.45 కాస్తా 125678 అవుతుంది. ముందు డబుల్ ప్రెసిషన్‌కు, అక్కడినుంచి న్యూమరిక్‌కు మార్చి రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 45 పైసలు దక్కుతాయి. డబుల్ కాలమ్‌లలో అయితే పాత విలువకూ కొత్త విలువకూ తేడా 0.0001 దాటిన వరసలు ఏరాలి. అవి ఫ్లోట్ ధూళి కాదు, ఎప్పుడో రౌండ్ చెయ్యకుండా దాచేసిన పన్నులూ వడ్డీలూ. వాటికి కొనుగోలుదారు చేతికిచ్చిన కాగితం మీది అంకే ప్రమాణం. ముగిసిన సంవత్సరాల అంకెలు, రిటర్నులు వేసేసిన నెలల అంకెలు దిద్దకూడదు. తేలిన తేడాను ఇవాళ్టి తేదీతో రౌండ్ ఆఫ్ ఖాతాలో ఒక పద్దుగా రాసుకోవాలి.

తర్వాత రోజూ రాత్రి ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, నడపాలి: ప్రతి బిల్లుకూ వరసల వెల, రెండు పన్నులు, రౌండ్ ఆఫ్ కలిపి, అందులోంచి బిల్లు మొత్తం తీసేస్తే సున్నా కానివి చూపించు అని. 'పైసా లోపు తేడా పర్లేదు' అన్న మినహాయింపు అందులో రాయకూడదు. డెసిమల్ కాలమ్‌ల మీద ఈ క్వెరీ ఖాళీగా రావాలి. ఒక్క వరస వచ్చినా, కోడ్‌లో ఇంకెక్కడో రెండో చోట రౌండింగ్ జరుగుతోందన్నమాట. ఆ బిల్లు నంబరు పట్టుకుని వెతికితే చోటు దొరుకుతుంది.